ఇది ఫోన్‌లో మాట్లాడే సంగతి కాదు

టొరంటో
15 ఫిబ్రవరి 2009

అమ్మా,

నిన్న నేను "తాతయ్య ఫొటో" అన్నానో లేదో, "ఇది ఫోన్‌లో మాట్లాడే సంగతి కాదు" అని ఠక్కున పెట్టేశావు. ఆ సోవియట్ దేశం వదిలి పద్దెనిమిదేళ్ళయిందమ్మా. బ్రూక్లిన్‌లో నీ ఫోన్ చాటుగా వినేంత తీరిక ఎవరికుంది? విన్నా వాళ్ళకి దొరికేదేమిటి, నీ మోకాళ్ళ నొప్పులూ, కింది వాటా రాయా మీద చాడీలూ తప్ప? ఎవరైనా ఇంటికొస్తే ఇప్పటికీ ఫోన్ మీద దిండు కప్పుతున్నావని రాయానే చెప్పింది. సరే, నీ పద్ధతే కానీ. ఉత్తరం రాస్తున్నాను.

సంగతేమిటంటే, దీనా వెళ్ళే శనివారం రష్యన్ బడిలో ఈసారి మే తొమ్మిది విజయదినం పండగ పెద్దగా చేస్తున్నారు. యుద్ధానికి వెళ్ళిన ముత్తాతల ఫొటోలు పిల్లలు తెచ్చి గోడకు పెట్టి, ఒక్కొక్కరూ వచ్చి రెండు మాటలు చెప్పాలి. దీనాని మొదట మాట్లాడమన్నారు. పదకొండేళ్ళ పిల్లకి అదెంత గొప్పో నీకు చెప్పాలా? ఇన్నాళ్ళూ చెవులు పెద్దవని జుట్టుతో కప్పుకునేది కదా, "ఇవి నీ ముత్తాతవే, యుద్ధవీరుడి చెవులు" అని చెప్పిన దగ్గర్నుంచి జడ బిగించి వేయించుకుంటోంది.

సంగీతం చెప్పే నెల్లీ జినోవ్యెవ్నా ఈ పండగంతా నడిపిస్తోంది. ఫొటోలు మార్చి నెలాఖరుకి కావాలిట. మన గదిలో అల్మారా మీద ఉండేదే, సైనికుడి దుస్తుల్లో ఉన్నది. దాన్ని పంపు. వెనక రెండు మాటలు రాస్తే అచ్చులో ఉన్నట్టు విడివిడిగా రాయి. నీ గొలుసుకట్టు రాత దీనాకి ఒక్క ముక్క చదవడం రాదు. మాట్లాడితే మాత్రం అంతా అర్థమవుతుంది దానికి.

నీ ఎల్లా

*

బ్రూక్లిన్
26 ఫిబ్రవరి

ఎల్లా,

ఉత్తరం అందింది. రాయా చాడీలు చెప్పిందన్నమాట. ఆవిడ తన మొగుడు పోయినప్పుడు కూడా ముందు ఆ పక్కింటివాళ్ళకి చెప్పి, ఆ తర్వాత ఏడ్చింది. అలాంటి మనిషి మాట పట్టుకుని నన్ను వెక్కిరిస్తున్నావు.

ఇక్కడ సముద్రపు గాలి ఎముకలు కొరికేస్తోంది. అయినా రోజూ చెక్కబాట మీద బల్ల దాకా నడిచి వస్తున్నాను. కొత్త దుకాణంలో హెరింగ్ చేప మరీ ఉప్పగా ఉంటోంది. ఈమధ్య వాళ్ళకి చేప ఊరవేయడం కూడా మరుపొచ్చినట్టుంది.

ఫొటో సంగతి. అంత చిన్నపిల్ల బుర్రలో ఈ యుద్ధాలూ చావులూ ఎందుకు చెప్పు? పాట పాడమను. నువ్వు దాని వయసులో చెక్క చెంచాలు మోగిస్తూ ఆడితే బడి బడంతా చూసింది. గోడలకి ఫొటోలు పెట్టడం అంటే ఊరందరి కళ్ళకీ అప్పగించడం. అవతలివాడు ఏ ఉద్దేశంతో చూస్తాడో నీకు తెలుసా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా?

ఆ ఫొటో పాతబడిపోయింది, టపాలో నలిగిపోతుంది. దీనాకి ఊలు మేజోళ్ళు అల్లుతున్నాను. పాదం కొలత పంపు. చెవుల కొలత అక్కర్లేదు.

అమ్మ

*

టొరంటో
8 మార్చి

అమ్మా,

మాట మార్చడంలో నీకు నువ్వే సాటి. ఫొటో అడిగితే మేజోళ్ళు ఇస్తానంటావు.

నా చిన్నతనంలో ప్రతి మే తొమ్మిదికీ ఆ ఫొటో ముందు చిన్న గ్లాసులో వోడ్కా పోసి, మీద నల్ల రొట్టె ముక్క పెట్టేదానివి. చచ్చిపోయినవాళ్ళకి పెట్టినట్టు. అమ్మమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు. నేను కుర్చీ ఎక్కి ఆ మొహాన్ని అంత దగ్గరగా చూసేదాన్ని. బడిలో వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకున్నాను, గుర్తుందా? "మా తాతయ్య మత్వెయ్ గూర్విచ్, 1944లో ముందువరుసలో పోరాడుతూ చనిపోయాడు." ఆ వ్యాసాన్ని నువ్వే కదా దిద్దావు. నాకు అంత చెప్పినదానివి నా కూతురికి చెప్పడానికి ఎందుకు వెనకాడుతున్నావు? అది ఇంగ్లీషులో కలలు కనే పిల్ల. మన దగ్గర్నుంచి దానికి మిగిలేది ఈ ఒక్క మనిషే. అది కూడా ఇవ్వవా?

నువ్వు పంపకపోతే నేనే బస్సెక్కి వచ్చి తీసుకుపోతాను.

ఎల్లా

పాదం కొలత: ఇరవై మూడు సెంటీమీటర్లు.

*

బ్రూక్లిన్
19 మార్చి

ఎల్లా,

ఇదిగో ఫొటో. నువ్వొచ్చి నా అల్మారాలు తిరగెయ్యడం కంటే ఇదే నయం.

ఇంట్లో పెట్టుకోండి. దీనాకి చూపించు. బడిలో ఏదైనా చెప్పాల్సివస్తే నోటితో చెప్పమను. గోడకు మాత్రం పెట్టకు. పెద్దదాన్ని చెబుతున్నాను, ఒక్కసారైనా విను. పని అయ్యాక తిరిగి పంపెయ్.

మేజోళ్ళు కూడా పెడుతున్నాను. మడమ దగ్గర కాస్త వదులుగా వచ్చింది.

అమ్మ

*

టొరంటో
19 ఏప్రిల్

అమ్మా,

కూర్చుని చదువు. రాయాని దగ్గర పెట్టుకోకు.

నీ మాట వినకుండా ఫొటో గోడకు పెట్టించాను. నిన్న బడిలో రిహార్సల్. దీనా ముందుకెళ్ళి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది: "ఈయన మా ముత్తాత మత్వెయ్ గూర్విచ్..." అంతే, పియానో దగ్గర కూర్చున్న నెల్లీ జినోవ్యెవ్నా లేచి వచ్చింది. గోడ దగ్గరికి వెళ్ళి ఫొటో చూసింది. తీసి వెనక చూసింది. సరాతోవ్ స్టూడియో ముద్ర ఉంది కదా, 1944 అని. ఆవిడ మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది.

"ఎవరే నీకీ ఫొటో ఇచ్చింది?" అంది దీనాని.

"మా అమ్మమ్మ."

"అబద్ధాలాడకు! ఈయన మా నాన్న!"

పిల్లలందరి ముందూ అలా అరిచింది. దీనా ఏడుస్తూ బయటికి పరిగెత్తింది. నేను పోట్లాటకి వెళ్ళాను. ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అక్కడ, సోఫా పైన గోడకి, అదే ఫొటో అమ్మా. అదే బల్ల, అదే పతకం, అవే చెవులు. వెనక అదే ముద్ర. పక్కన ఇంకా చాలా ఉన్నాయి, ఆయన ముసలివాడైనవి, మనవడిని ఎత్తుకున్నవి.

మీ నాన్న యుద్ధంలో చనిపోలేదు. పేరు మార్చుకుని జినోవీ రాబ్కిన్ అయ్యాడు. ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. 1979లో టొరంటో వచ్చాడు. బాథర్స్ట్ వీధిలో కోట్లు కుట్టే దుకాణం పెట్టాడు, మా ఇంటికి రెండు స్టాపుల దూరంలో. 1997లో పోయాడు. నేను ఇక్కడికొచ్చిన ఏడాదే ఆ దుకాణంలో కోటు పొట్టి చేయించుకున్నాను. చేతులు పొడుగయ్యాయని ఆ ముసలాయనతో వాదించాను కూడా! "పిల్లా, కోటు బాగానే ఉంది, నీ చేతులే పొట్టి" అన్నాడు. నా సొంత తాతయ్యతో పోట్లాడి వచ్చానమ్మా, తెలియకుండా.

అమ్మమ్మ ఆయన కోసం జీవితమంతా మౌనంగా ఉపవాసాలుంటే ఆయన ఇక్కడ హాయిగా కోట్లు కుట్టుకున్నాడు. నీకిది ఎలా రాయాలో తెలియక రాత్రంతా కూర్చున్నాను. నువ్వు ఏడుస్తావని భయంగా ఉంది. ఫోన్ చెయ్యనా?

ఎల్లా

*

బ్రూక్లిన్
24 ఏప్రిల్

ఎల్లా,

ఫోన్ చెయ్యకు.

బతికాడన్నమాట. మంచిది. చాలా మంచిది. మనవళ్ళని కూడా ఎత్తుకున్నాడు.

ఇక ఈ విషయం వదిలెయ్. ఎవరినీ ఏమీ అడగకు. దీనాని వేరే బడిలో వేస్తే పోయె. ఫొటో వెంటనే పంపు.

అమ్మ

*

టొరంటో
30 ఏప్రిల్

అమ్మా,

మూడే మూడు ముక్కలు! కన్నతండ్రి మోసం చేశాడని తెలిస్తే "మంచిది" అంటావా? నీకు ముందే తెలుసు, కదూ? తెలిసే గోడకు పెట్టొద్దన్నావు. తెలిసే ఏటా ఆ గ్లాసు పెట్టి నా చేత వ్యాసాలు రాయించావు. నీ పరువు కోసం బతికున్న మనిషిని వీరుడిని చేసి చంపేశావు. నేను నమ్మాను. నా కూతురు నమ్మింది.

ఇప్పుడు ఇక్కడ ఏం జరుగుతోందో విను. నెల్లీ జినోవ్యెవ్నా వాళ్ళ నాన్న ఫొటోలన్నీ గోడ మీంచి తీసేసింది. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ "మీ నాన్నలాంటి నిజాయితీపరుడు ఈ భూమ్మీద లేడు" అనేదిట. ఇప్పుడు ఈ వయసులో ఆవిడ, మా నాన్న ఒక భార్యనీ బిడ్డనీ నడివీధిలో వదిలేసి వచ్చి మా అమ్మని చేసుకున్నాడు అని అందరి దగ్గరా తల దించుకుని తిరుగుతోంది. సమాధి మీద రాయి శుభ్రం చేయడానికి వెళ్ళి, చెయ్యకుండా తిరిగి వచ్చేసిందిట. నిన్న మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, "మీ అమ్మగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి" అంది. దీనా ఆవిడ చెవుల వైపు చూసి, "అయితే మీరు నాకు చిన్నమ్మమ్మ అవుతారా?" అని అడిగింది. ఆవిడ ఏడ్చింది.

నాకు నిజం కావాలి. ఎప్పట్నుంచి తెలుసు నీకు?

ఎల్లా

*

బ్రూక్లిన్
6 మే

ఎల్లా,

రాయా మేనల్లుడు రేపు కారులో టొరంటో వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. టపా మీద నమ్మకం లేదు. చదివి కాల్చెయ్.

ముందుగా ఆవిడకి వెళ్ళి చెప్పు. ఈ రోజే చెప్పు. వాళ్ళ నాన్న ఎవరినీ వదిలిపెట్టలేదు. మమ్మల్ని ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. ఆయన నా తండ్రి కాదు.

నా తండ్రి మత్వెయ్ గూర్విచ్ యుద్ధానికి వెళ్ళలేదు. యుద్ధం దాకా బతకలేదు. సూమీ ఊరి దగ్గర చక్కెర మిల్లులో ఇంజనీరు. 1938 జనవరిలో ఆయన్ని ఇంటికొచ్చి పట్టుకుపోయారు. మిల్లులో ఏదో యంత్రం విరిగింది, ఎవరో ఒకరు ద్రోహి కావాలి కదా. నాకు అప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన సంగతి తెలియలేదు.

జర్మన్లు వస్తుంటే అమ్మ నన్నెత్తుకుని రైలెక్కి సరాతోవ్ చేరింది. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. అమ్మకి ఫొటో స్టూడియోలో రీటచ్ పని దొరికింది. మొహాల మీద మచ్చలు సన్నటి బ్లేడుతో గీకెయ్యడం, ముడతలు పెన్సిలుతో పూడ్చడం. ఎప్పుడూ కలిసి ఫొటో తీయించుకోని భార్యాభర్తల్ని, భర్త పోయాక, ఒకే ఫొటోలో పక్కపక్కన కూర్చోబెట్టడం. అబద్ధం ఆడటమే ఆవిడకి ఉద్యోగం అనుకో. ఎన్ని వందలమంది విధవలు ఆ అబద్ధాన్ని ముద్దుపెట్టుకున్నారో.

ఇరుగుపొరుగు అడిగేవాళ్ళు, "మీ ఆయన ఎక్కడ పోరాడుతున్నాడు?" అని. బడిలో నన్ను అడిగేవాళ్ళు. ప్రతి దరఖాస్తులోనూ ఒక గడి: తండ్రి. అందులో నిజం రాస్తే నాకు చదువు లేదు, అమ్మకి పని లేదు. చివరికి 1944 ఎండాకాలంలో ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక సైనికుడు రెండు ఫొటోలు తీయించుకున్నాడు, ఒకటి వాళ్ళమ్మకి, ఒకటి తను ఇష్టపడ్డ పిల్లకి. అమ్మ చాటుగా మూడోది తీసుకుంది. చాలారోజులుగా వెతుకుతోందిట, నాలా పెద్ద చెవులున్న మనిషి కోసం. "ఎవరు చూసినా తండ్రి పోలికే అనాలి" అని. అలాగే అన్నారు. నువ్వూ అన్నావు.

నాకిదంతా 1957లో తెలిసింది. ప్రభుత్వం నుంచి ఒక కాగితం వచ్చింది, గూర్విచ్ 1938లోనే పోయాడు, ఆయన విషయంలో నేరమేమీ లేదు అని. అమ్మ అది చదివి, మడిచి, బొత్తాల డబ్బా అడుగున పెట్టి కూరగాయలు తరిగింది. అప్పుడు చెప్పాల్సింది. కానీ అప్పటికి ఆ సైనికుడు మా ఇంట్లో పదమూడేళ్ళుగా ఉన్నాడు. నా ఉద్యోగం, నా పెళ్ళి, అంతా ఆయన పేరు మీద జరిగాయి. ఏం చెప్పి ఆయన్ని దించమంటావు? నువ్వు వ్యాసం రాసినప్పుడు నేను దిద్దిన మాట నిజం. ఆ రాత్రి మీ నాన్నకి కూడా చెప్పకుండా స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను. నా పేరు పిలిచినవాళ్ళంతా "బెర్తా మత్వెయెవ్నా" అంటారు. డెబ్భై అయిదేళ్ళుగా ఆయన పేరు నా పేరు వెనకే వస్తోంది. ఆయన ఎవరో ఒక్కరికీ చెప్పలేదు.

నీ ఏప్రిల్ ఉత్తరం చదివి మొదట సంతోషించాను. రొట్టె ముక్క పెట్టిన ప్రతిసారీ అనుకునేదాన్ని, ఈ అబ్బాయి ఏ గోతిలో పడి ఉన్నాడో అని. బతికాడు! అందుకే మంచిది అన్నాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. నీ పొరపాటు నాకు సుఖంగా అనిపించింది. వదిలేసి పోయిన తండ్రి అయితే సిగ్గు ఒక్కటే. అరెస్టయిన తండ్రి అంటే భయం. సిగ్గే నయం, అలాగే ఉండనీ అనుకున్నాను. కానీ ఆవిడ సమాధి దాకా వెళ్ళి రాయి తుడవకుండా వచ్చేసిందని రాశావు చూడు. ఏ తప్పూ చెయ్యని మనిషి మీద నింద వెయ్యడం అంటే ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? మళ్ళీ అదే పని, ఈసారి నా చేత్తో.

దీనితో ఒక ఫొటో పెడుతున్నాను. 1936లో తీసింది. అమ్మ, నేను, ఆయన. అరెస్టయినవాడి బొమ్మ ఇంట్లో ఉంటే ప్రమాదమని అమ్మ అప్పుడే వంటింటి కత్తితో ఆయన్ని గీకేసింది. రీటచ్ పని తర్వాత నేర్చుకుంది కానీ, మొదటి పాఠం అదే. నా భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలాయి. వాటిని గీకితే నా గౌను చిరుగుతుందని వదిలేసిందిట. అంతకంటే ఆయనది ఏమీ లేదు.

దీన్ని బడిలో చూపించకు. ఆవిడకి కూడా "పొరపాటున ఫొటో మారింది" అని చెప్పు చాలు. పట్టుకుపోయిన సంగతి చెప్పకు. టొరంటోలో ఎవరొస్తారు అంటావు. మేమూ అలాగే అనుకున్నాం.

అమ్మ

*

టొరంటో
10 మే

అమ్మా,

కాల్చలేదు.

నా మాటలన్నీ నేనే ఇప్పుడు చదువుకోలేను. పరువు కోసం అన్నాను నిన్ను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

శుక్రవారం సాయంత్రమే నెల్లీ జినోవ్యెవ్నా దగ్గరికి వెళ్ళాను. పొరపాటున మారింది అని మొదలుపెట్టాను, నీ మాట ప్రకారం. ఆవిడ నమ్మలేదు. "అరవై అయిదేళ్ళు పొరపాటున మారుతుందా?" అంది. అప్పుడు మొత్తం చెప్పేశాను. తిట్టుకో. ఆవిడ నవ్వూ ఏడుపూ కలిసిపోయి, "మా నాన్న ఇది వినాల్సింది. ఇన్నేళ్ళు నా పేరున వోడ్కా పోసి, ఒక్క చుక్క నా గొంతులో పడనివ్వలేదా అని రంకెలేసేవాడు" అంది. నేనుండగానే మేకులు పట్టుకొచ్చి ఫొటోలన్నీ మళ్ళీ గోడకు కొట్టింది. నీకు చెప్పమంది: ఆయన మూడోది ఎవరు దాచుకున్నారో తెలిసి ఉంటే నాలుగోది కూడా తీయించి ఇచ్చేవాడుట.

నిన్నటి పండగ అంత బాగా జరగలేదు. దీనా నాకు చెప్పకుండా గీకేసిన ఫొటో సంచీలో పెట్టుకుని వెళ్ళింది. గోడకు పెడతానంది. బడి పెద్దావిడ ఒప్పుకోలేదు. "పాపా, ఈ గోడ యుద్ధంలో పోరాడినవాళ్ళది. అరెస్టయినవాళ్ళ సంగతులు పండగరోజున ఎందుకు? పైగా ఇందులో మనిషే లేడు" అంది. వెనక ఎవరో, నిప్పు లేనిదే పొగ రాదు కదా, అన్నారు. మన భాషలోనే అన్నారమ్మా, దీనాకి బాగా అర్థమయ్యేలా. నీ భయం వెర్రి కాదని అప్పుడు తెలిసింది. నెల్లీ జినోవ్యెవ్నా పియానో మూత మూసి మాతోపాటు బయటికి వచ్చేసింది. పాటలు పియానో లేకుండానే పాడుకున్నారుట.

ఇంట్లో బల్ల మీద ఆ ఫొటో పెట్టి, ముందు గ్లాసు పెట్టి, రొట్టె ముక్క పెట్టాం. దీనా ఆ నాలుగు వేళ్ళనీ చాలాసేపు చూసింది. తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఆయన లావుగా ఉండేవాడా? పాడేవాడా? అమ్మమ్మని ఏమని పిలిచేవాడు? నా చెవులు ఆయనవా కావా? బాథర్స్ట్ వీధి కోట్లాయన గురించి నాకు తెలిసినంత కూడా నా తాతయ్య గురించి తెలియదు.

నీ ఉత్తరం చదివి వినిపిస్తానన్నాను. "నువ్వు చదివితే నీ గొంతులో ఉంటుంది. అమ్మమ్మ గొంతులో కావాలి" అంది. అది నీ రాత చదవలేదు. వేసవి సెలవుల్లో నీ దగ్గరికి వస్తాం. అప్పుడైనా చెబుతావా?

నీ ఎల్లా

*

బ్రూక్లిన్
18 మే

ఎల్లా,

కాల్చమంటే కాల్చలేదు, చెప్పొద్దంటే చెప్పావు, దాచమంటే బడికే చేర్చారు. ఇంత వినయం గల సంతానం ఎవరికుంటుంది?

ఆ "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నది ఎవరో కనుక్కోకు. 1938లో మా మెట్ల మీద అన్నది కూడా ఎవరో నాకు తెలుసు. తెలిసి ఏం చేశాను?

వేసవి దాకా అంటున్నావు. నాకు డెబ్భై అయిదేళ్ళు. నాకున్నది ఒక్క జ్ఞాపకం, దాన్ని ఎక్కువ రోజులు పట్టుకుని కూర్చోలేను. అది నిజమో, నేను అల్లుకున్నదో కూడా చెప్పలేను. మిల్లు నుంచి వస్తూ కోటు జేబులో పంచదార గడ్డ తెచ్చేవాడు. దానికి పొగాకు నలుసులు అంటుకుని ఉండేవి. నాలిక మీద ముందు చేదు, తర్వాత తీపి. నేను మొహం చిట్లిస్తే నవ్వేవాడు, నన్ను "నా ఎలకపిల్లా" అనేవాడు. చెవుల వల్లే అయి ఉంటుంది. దీనాకి ఇది నువ్వు చెప్పకు. నేను చెబుతాను.

ఫోన్ మీది దిండు తీసి కుర్చీలో వేశాను. వచ్చే ఆదివారం, ఇరవై నాలుగున, పొద్దున పదకొండింటికి చేస్తాను. దీనానే తియ్యమను. ముందు ఆయన పేరు చెబుతాను, తర్వాత ఏ సంవత్సరం పట్టుకుపోయారో చెబుతాను, ఆ తర్వాత పంచదార సంగతి. నాకు చెవుడు కాబట్టి ఎలాగూ గట్టిగానే మాట్లాడతాను. రాయా వింటుంది, విననీ. ఇంకెవరైనా వింటుంటే వాళ్ళూ రాసుకోనీ: గూర్విచ్, మత్వెయ్. నేరమేమీ లేదు.

అమ్మ